పద్దెనిమిది పల్లెల పట్టిక

ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికన్నా పొడవైన సముద్ర తీరం శ్రీకాకుళం జిల్లాది. ఇచ్ఛాపురం దగ్గర ఒడిశా సరిహద్దు నుంచి దక్షిణాన రణస్థలం వైపు దాకా సుమారు 193 కిలోమీటర్లు. అక్కణ్ణించి పూసపాటిరేగ, భోగాపురం మండలాల మేర కొద్దిపాటి తీరం విజయనగరానిది. ఈ ఒడ్డు వెంట ఇసుక దిబ్బల మీద సరుగుడు తోటలు కనిపిస్తాయి. కొన్ని అటవీశాఖ వేసినవి, కొన్ని రైతులు వేసుకున్నవి. రైతుకు అది గుంజ, వంటచెరకు, కాగితం మిల్లుకు వెళ్లే సరుకు. అటవీశాఖకు అది ముందు తుపాను అడ్డం. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచెత్తాక కోస్తా అంతటా సరుగుడు పెంపకానికి ఊపు వచ్చింది.

తోట ఉంటే ఊరికి రక్షణ అనే మాట తీరంలో ఎవరిని అడిగినా చెబుతారు. ఆ మాట ఎంతవరకు నిజం? దీని మీద గత ఇరవై ఏళ్లలో పరిశోధన జర్నళ్లలో పెద్ద వాదమే నడిచింది. శ్రీకాకుళం ఒడ్డున ఏ మొక్క నాటాలి, ఎక్కడ నాటాలి, నాటినంత మాత్రాన ఊరిని ఖాళీ చేయించకుండా ఉండొచ్చా అనే ప్రశ్నలన్నిటికీ ఆ వాదంతో సంబంధం ఉంది. కానీ అందులో మొదటి వాక్యం మాత్రమే జనానికి చేరింది. తర్వాత వచ్చిన అభ్యంతరం, జవాబు, సవరణ చేరలేదు. వాటిని కలిపి చదివితేనే అడవుల శాస్త్రం ఎలా నడుస్తుందో తెలుస్తుంది.

ముందు చెట్టు సంగతి. సరుగుడుకు ఆకు అని మనం అనుకునేది ఆకు కాదు, పచ్చటి సన్నని రెమ్మ. గణుపు పట్టి లాగితే ముక్క ఊడి వస్తుంది. ఊడిన చోట భూతద్దం పెట్టి చూస్తే ఆరేడు చిన్న చిన్న పొలుసులు చుట్టూ పళ్లలా కనిపిస్తాయి. అసలు ఆకులు అవే. రెమ్మను ఒక గణుపు దగ్గర విడదీసి మళ్లీ గుచ్చి, ఎక్కడ విడదీశానో చెప్పుకోమని పిల్లలు ఆడే ఆట ఈ నిర్మాణం వల్లనే కుదురుతుంది. ఆకు అంత కుదించుకుపోయింది కాబట్టి ఉప్పుగాలిలో కూడా చెట్టు నీటిని పోగొట్టుకోదు. వేళ్ల బుడిపెల్లో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది కాబట్టి వట్టి ఇసుకలో కూడా ఎదుగుతుంది. ఇంత త్వరగా, ఇంత పేద నేలలో పెరిగే చెట్టు దొరకడం కష్టం. అందుకే తీరం పొడవునా దీన్నే నాటారు.

గాలి విషయంలో సరుగుడు వరస చేసే మేలు మీద పెద్దగా పేచీ లేదు. గాలికి అడ్డుగోడ కడితే గాలి దాని మీంచి ఎగిరి వెనకాల సుడి తిరుగుతుంది. సందులున్న చెట్ల వరస అయితే కొంత గాలిని తనలోంచి పోనిచ్చి, మిగతాదాన్ని నెమ్మదింపజేస్తుంది. చెట్టు ఎత్తుకు పదింతలు, కొన్నిసార్లు ఇరవై ఇంతల దూరం వరకు ఆ నెమ్మది నిలుస్తుంది. పది మీటర్ల చెట్ల వెనకాల వంద, రెండు వందల మీటర్ల మేర గాలి జోరు తగ్గుతుందన్నమాట. ఎగిరే ఇసుక పొలాల మీద పడకుండా ఆగుతుంది. రోజువారీ సముద్రపు గాలికి, మామూలు గాలివానకు ఈ లెక్క సరిపోతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస వైపు తీరం దాటిన తిత్లీ లాంటి తుపానుకు ఈ లెక్క చాలదు. ఆ రోజు ఆ వైపు ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు వేళ్లతో సహా లేచిపోయాయి. అంత గాలిలో చెట్టే నిలవకపోతే చెట్టు చాటు ఎక్కడిది?

నీటి విషయం గాలి కన్నా చిక్కుది. నీరు మూడు రకాలుగా మీదికి వస్తుంది. గాలి లేపే అలలు పొట్టివి. కాండాలకు, వేళ్లకు తగిలి శక్తి పోగొట్టుకుంటాయి. మడ అడవుల్లో వంద మీటర్ల లోపల అల ఎత్తు 13 నుంచి 66 శాతం దాకా తగ్గినట్టు కొలతలున్నాయి. ఉప్పెన అలా కాదు. అది గంటల తరబడి సముద్ర మట్టమే పైకి లేచి లోపలికి నడిచి రావడం. మడ అడవి గుండా అది కిలోమీటరుకు 4 నుంచి 48 సెంటీమీటర్లు మాత్రమే తగ్గుతుంది. అంటే నాలుగైదు వరసల సరుగుడు తోట ఉప్పెన ఎత్తును తగ్గించేది లేనట్టే. ఇక సునామీ. దాని అల పొడవు నడిసముద్రంలో వందల కిలోమీటర్లు ఉంటుంది. అదొక్కసారి ఒడ్డెక్కితే వెనక నుంచి నీరు ఆగకుండా నెట్టుకొస్తూనే ఉంటుంది. గాలికి పనిచేసినది అలకు, అలకు పనిచేసినది ఉప్పెనకు, ఉప్పెనకు పనిచేసినది సునామీకి పనిచేయాలని లేదు. చెట్లు కాపాడతాయి అని ఊరికే అన్నప్పుడు ఈ నాలుగూ ఒకే గంపలో పడిపోతాయి.

2004 డిసెంబరు 26 సునామీ తర్వాత సరిగ్గా అదే జరిగింది. మరుసటి ఏడాది సైన్స్ పత్రికలో ఫిన్ డేనియల్సెన్, సహచరులు తమిళనాడులోని కడలూరు తీరం గురించి ఒక చిన్న వ్యాసం రాశారు. మడ అడవులు, సరుగుడు తోటలు ఉన్న చోట సునామీ దెబ్బ తగ్గిందన్నారు. అదే ఏడాది ఎస్ట్యూరైన్, కోస్టల్ అండ్ షెల్ఫ్ సైన్స్ అనే జర్నల్‌లో అన్నామలై విశ్వవిద్యాలయానికి చెందిన కె. కదిరేశన్, ఎన్. రాజేంద్రన్‌ల పత్రం వచ్చింది. పరంగిపేట తీరంలో పద్దెనిమిది పల్లెలు తీసుకుని, ఒక్కో పల్లె సముద్రానికి ఎంత దూరం, ఎంత ఎత్తు, ముందు ఎంత చెట్టుచేమ ఉంది, ఎందరు చనిపోయారు, ఎంత ఆస్తి పోయింది అని లెక్క తీశారు. చెట్లు దట్టంగా ఉన్న పల్లెల్లో నష్టం తక్కువ అని తేల్చారు. కిలోమీటరు కన్నా లోపలికి, ఎత్తయిన చోట, దట్టమైన మడ అడవులో మరో చెట్టుచేమో ముందుండేలా ఇళ్లు కట్టుకోమని సలహా ఇచ్చారు. సలహాలో మూడు మాటలున్నాయి: దూరం, ఎత్తు, చెట్లు. పత్రికలు, ప్రభుత్వాలు మూడో మాటనే అందుకున్నాయి.

కొన్ని నెలలకే అదే జర్నల్‌లో ఒక వ్యాఖ్య అచ్చయింది. రాసినవాళ్లు అలెగ్జాండర్ కెర్, ఆండ్రూ బెయిర్డ్, స్టువర్ట్ క్యాంప్‌బెల్. వాళ్లు కొత్తగా ఏ పల్లెకూ వెళ్లలేదు. కదిరేశన్, రాజేంద్రన్ ఇచ్చిన అంకెలనే తీసుకుని మళ్లీ లెక్క వేశారు. పల్లె ఎత్తు, సముద్రానికి దూరం అనే రెండు విషయాలతోనే మరణాల్లో తేడాలు చాలావరకు తేలిపోయాయి. ఆ రెంటినీ పక్కన పెట్టాక చెట్ల ఖాతాలో మిగిలింది దాదాపు ఏమీ లేదు. ఒకే ఎత్తులో, ఒకే దూరంలో ఉన్న రెండు పల్లెలను పోలిస్తే, చెట్లు ఎక్కువున్న పల్లెలో ప్రాణాలు ఎక్కువ మిగిలాయని ఈ అంకెలు చెప్పడం లేదని వాళ్ల వాదన.

ఇందులో మెలిక ఏమిటో మన తీరం మీదే చూడవచ్చు. మత్స్యకారుల పేటలు ఒడ్డుకు ఆనుకుని ఇసుక మీద ఉంటాయి. తెప్ప, ఇంజను పడవ, వల కళ్లెదుట ఉండాలి కాబట్టి అక్కడే ఉండక తప్పదు. వాటి ముందు చెట్టు ఉండదు, ఉంటే పడవ లాగడానికి దారి ఉండదు. వ్యవసాయదారుల ఊళ్లు లోపలికి, మెరక మీద ఉంటాయి. వాటికీ సముద్రానికీ మధ్య సరుగుడు, జీడి, తాటి, మొగలి అన్నీ పెరుగుతాయి. ఉప్పెన వస్తే పేటలో ప్రాణనష్టం ఎక్కువ, ఊళ్లో తక్కువ. పట్టిక రాసి చూస్తే చెట్లున్న ఊరు బతికిందని అంకెలు చూపిస్తాయి. నిజానికి ఊరిని కాపాడింది మెరకా దూరమా చెట్టా అన్నది ఆ పట్టికను ఊరికే చూస్తే తెలియదు. దూరం, ఎత్తు సమానంగా ఉన్న ఊళ్లను వేరు చేసి చూడాలి. పద్దెనిమిది పల్లెల్లో అలాంటి జోడీలు ఎన్ని దొరుకుతాయి? అసలు ఇబ్బంది అక్కడుంది.

ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఒకటుంది. మొదటి పత్రం రాసినవాళ్లు తమ పట్టికను అచ్చు వేశారు. అందువల్లనే ప్రపంచంలో మరోచోట కూర్చున్న ముగ్గురు దాన్ని తిరిగి లెక్కించగలిగారు. అంకెలు దాచుకుని, తీర్మానం మాత్రం ప్రకటించి ఉంటే ఎవరూ వేలెత్తి చూపలేకపోయేవారు, శాస్త్రం అక్కడే ఆగిపోయేది. విమర్శకు గురి కావడం ఆ పత్రానికి చిన్నతనం కాదు. తప్పు పట్టుకోవడానికి వీలుగా రాయడమే శాస్త్రవేత్త చేయగలిగిన మర్యాదైన పని, ఆ మర్యాదను అన్నామలై విశ్వవిద్యాలయం వాళ్లు పాటించారు.

జర్నల్ కూడా తన పని చేసింది. ఇలాంటి వ్యాఖ్య వస్తే సంపాదకులు సాధారణంగా దాన్ని మొదటి రచయితలకు పంపి జవాబు రాసుకోమంటారు, రెంటినీ నిపుణులతో చదివించి దగ్గరదగ్గరగా వేస్తారు. ఇక్కడా కదిరేశన్, రాజేంద్రన్‌ల జవాబు కెర్ బృందం వ్యాఖ్యతోపాటే వచ్చింది. అంతటితో అయిపోలేదు. యాన్ ఫెర్మాట్, ఉదోమ్‌లక్ థంపన్యా అనే మరో ఇద్దరు అవే అంకెలను ఇంకో గణాంక పద్ధతిలో వేసి, మడ అడవులు నష్టాన్ని తగ్గించాయన్న మాటే నిజమని అదే జర్నల్‌లో 2006లో రాశారు. మరుసటి ఏడాది ఆ వ్యాసానికే సవరణ అచ్చయింది. పద్దెనిమిది పల్లెల పట్టిక ఒకటి, దాని మీద పత్రం, వ్యాఖ్య, జవాబు, మరో స్పందన, దానికి సవరణ. బయటినుంచి చూసేవారికి ఇది తెగని తగాదాలా ఉంటుంది. నా ఉద్దేశంలో జర్నల్ అనేదానికి ఇంతకన్నా మంచి ఉపయోగం లేదు.

ఇక్కడ పత్రం అచ్చయ్యే దారి కొంచెం చెప్పాలి. పరిశోధకుడు పంపిన రాతప్రతిని సంపాదకుడు చూసి, పరిధిలోకి రాకపోతే అక్కడే తిప్పి పంపుతాడు. వస్తే ఇద్దరు ముగ్గురు నిపుణులకు పంపుతాడు. సాధారణంగా వాళ్ల పేర్లు రచయితకు తెలియవు. వాళ్లకు జీతం ఉండదు. పద్ధతి సరిగా ఉందా, తీర్మానం అంకెలను దాటి పోతోందా అని చూసి సలహా ఇస్తారు. వాళ్లు చూసింది రాతప్రతినే గాని, పొలానికి వెళ్లి చెట్లు లెక్కపెట్టలేదు. అందుకే నిపుణులు చదివి పాస్ చేశారంటే నిజమని తేలినట్టు కాదు, మిగతావాళ్లు వాదించడానికి తగినట్టుందని మాత్రమే. అసలు పరీక్ష అచ్చయ్యాక మొదలవుతుంది. పొరపాటు చిన్నదైతే సవరణ వేస్తారు. తీర్మానమే నిలవకపోతే ఉపసంహరణ. రెంటికీ 1997లో మొదలైన పబ్లికేషన్ ఎథిక్స్ కమిటీ మార్గదర్శకాలు రాసి పెట్టింది. నిజాయితీగా చేసిన తప్పుకు, కావాలని చేసిన మోసానికి తేడా చూపమని అవి గట్టిగా చెబుతాయి. ఆ తేడా చెరిగిపోతే తప్పు ఒప్పుకోవడానికి ఎవరూ ముందుకు రారు.

అడవుల శాస్త్రంలో ఈ పద్ధతి మన దేశానికి కొత్తది కాదు. ఇండియన్ ఫారెస్టర్ పత్రిక 1875లో మొదలైంది. తొలి సంపాదకుడు విలియం ష్లిక్. ఇప్పటికీ డెహ్రాడూన్ నుంచి వస్తోంది. దాని తొలి చందాదారుల్లో ఎక్కువమంది అటవీశాఖ అధికారులే, రాసేదీ వాళ్లే. ఆ రోజుల్లో శాఖకు ఒక పెద్ద నమ్మకం ఉండేది: నిప్పు అడవికి శత్రువు. మంటలను పూర్తిగా ఆపిన అడవి విస్తీర్ణాన్ని ఏటా గొప్పగా లెక్క చెప్పేవారు. 1896లో హెచ్. స్లేడ్ అనే బర్మా అటవీ అధికారి అదే పత్రికలో దీన్ని నేరుగా తప్పుపట్టాడు. బర్మాలో నిప్పు రక్షణ మితిమీరిందని, మంటలు ఆపిన చోట వెదురు, తుప్ప పెరిగిపోయి టేకు మొలక పైకి రావడం లేదని అతని వాదన. సొంత శాఖ విధానాన్ని శాఖ వాళ్లు చదివే పత్రికలో ఒక ఉద్యోగి ప్రశ్నించాడు, పత్రిక వేసింది. తర్వాత రెండు మూడు దశాబ్దాల పాటు ఆ వాదం సాగింది. బెంగాల్, అస్సాంలలో సాల్ అడవుల మీద కూడా అదే అనుమానం వచ్చింది. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో చాలా చోట్ల సంపూర్ణ నిప్పు నిషేధాన్ని సడలించారు.

సాల్ అంటే మన గుగ్గిలం చెట్టు. అది మధ్యభారతం నుంచి ఒడిశా మీదుగా దిగి, తూర్పు వైపు మన ఉత్తరాంధ్ర కొండల్లోకి వచ్చి ఆగిపోతుంది. దాని గింజ జూన్ తొలకరి వేళకు రాలుతుంది, వారం పది రోజులకు మించి మొలిచే శక్తి నిలవదు. కింద ఆకు మందంగా పరుచుకుని ఉంటే మొలక వేరు మట్టిని అందుకోకుండానే ఎండిపోతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో తేలికపాటి నిప్పు ఆ ఆకును కాల్చేస్తే గింజకు మట్టి దొరుకుతుంది. అదే నిప్పు ఒక ఏడాది మొలకను కాల్చేస్తుంది కూడా. కాకపోతే సాల్ మొలక పైభాగం చచ్చినా కింద వేరు బతికి, ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ చిగురిస్తుంది. నిప్పు మంచిదా చెడ్డదా అని అడిగితే సమాధానం లేదు. ఏ నెలలో, ఏ వయసు మొలక మీద, ఎంత మంట అని అడిగితే ఉంది. సీతంపేట, పార్వతీపురం, సాలూరు వైపు కొండల్లో సవరలు, జాతాపులు చెట్లు కొట్టి కాల్చి చేసే కొండపోడు మీద శాఖ చూపిన కోపమంతా మొదటి ప్రశ్న వేసుకోవడం వల్ల వచ్చింది. 1882 మద్రాసు అటవీ చట్టం నాటి నుంచీ ఆ కోపం సాగింది. రెండో ప్రశ్న వేసి ఉంటే కొండవాళ్లకు తెలిసినది కూడా విజ్ఞానం కిందికి వచ్చేది.

మళ్లీ తీరానికి వద్దాం. పరంగిపేట పట్టిక చిన్నదన్న ఇబ్బందిని ఒడిశాలో మరో అధ్యయనం అధిగమించింది. 1999 అక్టోబరు 29 మహా తుపానులో దెబ్బతిన్న కేంద్రాపడా జిల్లాలోని వందలాది ఊళ్లను సౌదామిని దాస్, జెఫ్రీ విన్సెంట్ పరిశీలించారు. తుపానుకు ముందు ఊరికీ సముద్రానికీ మధ్య మడ అడవి ఎంత వెడల్పు ఉంది, దశాబ్దాల కిందట ఎంత ఉండేది, ఊరు ఎంత దూరం, మెరకా పల్లమా, జనాభా ఎంత అన్నవన్నీ లెక్కలోకి తీసుకున్నారు. 2009లో పీఎన్‌ఏఎస్ జర్నల్‌లో అచ్చయిన ఆ పత్రం మడ అడవి వెడల్పుగా ఉన్న ఊళ్లలో మరణాలు తక్కువని చూపించింది. బెయిర్డ్ సహచరులతో కలిసి మళ్లీ లేఖ రాశారు, రచయితలు మళ్లీ జవాబిచ్చారు, రెండూ అచ్చయ్యాయి. ఈసారి మొదటి పత్రం ఎక్కువ గట్టిగా నిలబడిందని నా అభిప్రాయం. ఎందుకంటే ముందటి వాదంలో వచ్చిన అభ్యంతరాలను అది పునాదిలోనే కలుపుకుంది. కెర్ బృందం వ్యాఖ్య లేకపోతే ఇలాంటి అధ్యయనం ఇంత జాగ్రత్తగా జరిగేదా అన్నది ఆలోచించవలసిందే.

ఆ పత్రంలోనే ఇంకో వాక్యం ఉంది, అది మనకు మరీ ముఖ్యం. మడ అడవుల కన్నా ముందస్తు హెచ్చరికే ఎక్కువ ప్రాణాలను కాపాడింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు జనాన్ని ముందుగానే తరలించారు. ఒడిశా, ఆంధ్రల్లో కలిపి లక్షల మందిని ఖాళీ చేయించడం వల్లనే అంతటి తుపానులో మరణాలు పదుల్లో ఆగాయి. 1999లో అవి పదివేల దాకా ఉన్నాయి. చెట్లు నాటాం కాబట్టి తుపాను గూళ్లకు, రోడ్లకు, సైరన్లకు ఖర్చు తగ్గించవచ్చని ఎవరైనా అంటే, ఏ పక్షపు పత్రమూ వాళ్లకు తోడు రాదు.

తోటకు వ్యతిరేకంగా వినవలసిన మాట మరొకటి ఉంది. నాగావళి, వంశధార సముద్రంలో కలిసే చోట్ల, భావనపాడు వైపు ఒడ్డున శీతాకాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆంధ్ర తీరంలో వాటి గూళ్ల తావుల మీద బసుదేవ్ త్రిపాఠి, కార్తీక్ శంకర్, బి.సి. చౌదరి చేసిన సర్వే 2003లో ఓరిక్స్ పత్రికలో వచ్చింది. తాబేలుకు కావలసింది ఆటుపోటు గీతకు పైన బోడి ఇసుక. వెనక రెక్కలతో గొయ్యి తవ్వి సుమారు వంద గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. గుడ్డు పిల్ల అయ్యే ఏడెనిమిది వారాల్లో ఇసుక వేడిని బట్టి ఆడా మగా తేలుతుంది. సరుగుడును అలల అంచు దాకా తెచ్చి నాటితే వేళ్లు, రాలిన రెమ్మల పరుపు గొయ్యికి అడ్డం, నీడ పడి ఇసుక వేడి కూడా మారుతుంది. అదీగాక దిబ్బలను సహజంగా పట్టి ఉంచే బాలబంద తీగ, రావణాసురుడి మీసాలు, మొగలి పొదలు సరుగుడు నీడలో బతకవు. 2010లో రస్టీ ఫీగిన్, కార్తీక్ శంకర్, మరికొందరు కన్జర్వేషన్ లెటర్స్‌లో రాసిన సమీక్ష సారాంశం ఇదే: పెద్ద ఉప్పెనను ఆపుతుందన్న రుజువు బలంగా లేకుండా పరాయి చెట్టును తీరమంతా నాటితే, ఉన్న ప్రకృతినీ, తీరం మీద ఆధారపడ్డ మత్స్యకారుల హక్కులనూ దెబ్బతీస్తాం. ఈ మాటలో బలముంది. సరుగుడును తీసేయమని దీని అర్థం కాదు. దిబ్బ వెనక నాటాలి, ముందు వదలాలి.

పెద్ద పేరున్న జర్నల్‌లో వచ్చినా ఇదే కథ. 2019 జులైలో సైన్స్ పత్రికలో బాస్టిన్ బృందం భూమి మీద ఇంకా 90 కోట్ల హెక్టార్లలో చెట్లు పెంచవచ్చని, అవి 205 గిగాటన్నుల కర్బనాన్ని దాచుకోగలవని రాసింది. ప్రపంచం చప్పట్లు కొట్టింది. అక్టోబరుకల్లా జోసెఫ్ వెల్డ్‌మన్, మరికొందరు అదే పత్రికలో ఆ అంచనా ఐదింతలు ఎక్కువని, సహజ గడ్డిభూములను ఖాళీ స్థలం కింద లెక్కించారని చూపించారు. 2020లో మొదటి రచయితలు తమ పత్రంలో కొన్ని వాక్యాలు సవరించారు. ఆ సవరణకు చప్పట్లు లేవు.

ఇక్కడే నాకు బాధ. మొదటి పత్రం పత్రికల్లో పతాక శీర్షిక అవుతుంది, పథకాల ఉత్తర్వుల్లో మొదటి పేరాలో కూర్చుంటుంది. వ్యాఖ్య నెలలు గడిచాక వస్తుంది. పొట్టిగా ఉండాలని నియమం. రాసినవారికి ఉద్యోగంలో పదోన్నతి తెచ్చిపెట్టదు. తీరా వచ్చాక డబ్బు కట్టందే చదవలేని జర్నల్‌లో ఉంటుంది. 2025 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు సుమారు 13,000 జర్నళ్లు అందుబాటులోకి రావడం మంచి మార్పు. ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయంలో, విజయనగరంలోని గిరిజన విశ్వవిద్యాలయంలో చదివే పిల్లలు ఇప్పుడు మొదటి పత్రంతోపాటు దాని మీద వచ్చిన వ్యాఖ్యను కూడా చదవగలరు. తెలుగు విలేఖరి, మండల అధికారి, తీరం సర్పంచి చదవగలిగే రూపంలో అది ఇంకా లేదు.

ఉత్తరాంధ్రలో ఇలాంటి అధ్యయనం చేయాలనుకునే విద్యార్థికి ముడిసరుకు దగ్గరలోనే ఉంటుంది. ఏ పేట ముందు ఏ ఏడు ఎన్ని వరసలు నాటారో నాటిన ఫారెస్టు రేంజిలో రాసి ఉంటుంది. ఏ ఊళ్లో ఎన్ని ఇళ్లు పడ్డాయి, ఎన్ని పశువులు పోయాయి అన్నది నష్టపరిహారం లెక్కల కోసం తహసీల్దారు రాయించక తప్పదు. గట్టు ఎత్తు, అలల గీతకు దూరం టేపు, లెవెల్ పట్టుకుని కొలవవచ్చు, ఉపగ్రహ చిత్రాల్లోనూ తీయవచ్చు. హెచ్చరిక ఊరికి ఎన్ని గంటల ముందు చేరింది, ఎందరు కదిలారు అన్నది మాత్రం ఊరివాళ్లనే అడగాలి, అదీ తుపాను పోయిన నెల రోజుల్లోపే. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుపానులకు ఇవన్నీ ఊరి ఊరికీ పక్కపక్కన పెట్టి పట్టిక కడితే అది పద్దెనిమిది పల్లెలతో ఆగదు, నూరు దాటుతుంది. పూసపాటిరేగ మండలంలో తోట వెనక ఉన్న పేటనూ, అదే ఎత్తులో అదే దూరంలో తోట లేకుండా ఉన్న పేటనూ జోడీగా పోల్చవచ్చు. ఫలితం సరుగుడుకు అనుకూలంగా వచ్చినా, ప్రతికూలంగా వచ్చినా, తేడా ఏమీ లేదని వచ్చినా, పట్టికను పూర్తిగా పత్రంతోపాటు అచ్చు వేయాలి. మరో ఊళ్లో కూర్చున్న విద్యార్థి దాన్ని తిరిగి లెక్క వేసి, ఫలానా చోట పొరపాటు పడ్డారని రాస్తే, ఆ లేఖను కూడా అదే జర్నల్ వేయాలి.